పనిమీద పోయి రాజుల కోటలు చూచుట



మన పల్లెలలో పెద్దమనుష్యుల నెవరినైనను "మీరు కొండవీడు చూచితిరా?" యని యడిగిన, పదిమందిలో తొమ్మండుగురు "దాని ప్రక్కగా నూరుమారులు పోయితిమి" అందురు. చూచితిమనువారు అరుదు. నిన్నమొన్నటివరకు నేనును ఆ తొమ్మండుగురిలోని వాడనే. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై యుండి, ఎఱ్ఱాప్రెగడను గూర్చియు, శ్రీనాథుని గూర్చియు పిల్లలకు పాఠములు చెప్పితిని. ఆ కవుల నాదరించిన రాజుల కోట మాకు రెండు మూడు గంటల ప్రయాణములో నున్నది. అయినను పోలేదు. ఉద్యోగములో నున్నన్నాళ్లు తీరిక లేదంటిని. ఉద్యోగము విడిచిన పిమ్మట మోకాళ్లనొప్పులంటిని. తుదకు బొత్తిగా తీరిక లేనప్పుడే చూచితిని. ఆ ముచ్చటయే యీనాటి ప్రసంగము.

గత ఫాల్గుణమాసమున మా మేనల్లుడు తన మిరపకాయలను గుంటూరు యార్డునకు తోలెను. ఎనుబది టిక్కీలు. టిక్కీ యనగా గట్టిగా త్రొక్కి కుట్టిన గోనెమూట యని మీకు నేను చెప్పనక్కరలేదు. "మామయ్యా, కాటా దగ్గర లెక్క వ్రాసుకొనుటకు మీరుండిన నాకు ధైర్యము" అని వాడు నన్ను వెంట బెట్టుకొనిపోయెను. మా యింటివారు నా చేతిలో మరియొక చిట్టా పెట్టిరి: మనుమరాలి కంటియద్దములు, మందు కొట్టు యంత్రమునకు గొట్టము, పింఛను కచ్చేరీలో ఒక కాగితము, చీరాలలో పెండ్లిచీరలు. మేము శుక్రవారము మధ్యాహ్నమునకు చేరితిమి. ఆనాటి బేరములు అప్పటికే ముగిసినవి. శని ఆదివారములు యార్డునకు సెలవు. సోమవారముదాక మూటలకడ కాపుండవలసినదే. ఒకరు మూటలకడ నున్న, రెండవవాడు తిరుగవచ్చును. శనివారము ఉదయము నాకు వంతు వచ్చినది. సాయంకాలము నాలుగు గంటలకు తిరిగి మూటలకడ నుండవలెను. ఆ నడిమి కాలములో కొండవీడు చూచి రావచ్చునా యని లెక్క వేసితిని. చూడవచ్చునని తేలినది.

కొండవీటి కొండలు గుంటూరునకు పడమరగా నరసరావుపేట రహదారికిని, చిలకలూరిపేట రహదారికిని నడుమ నున్నవి. ప్రయాణము గంటకు మించదు. పూర్వము మెట్లదారిని ఎక్కవలసియుండెను. ఇప్పుడు పైదాక ఘాటు రోడ్డు వేసిరి. కావున నావంటి మోకాళ్లవారికిని సాకు లేదు. అందలి యత్యున్నత శిఖరము 1,700 అడుగుల దరిదాపు. అది యొక కొండ కాదు, కొండల వరుస. వాని మొనలను కలుపుచు, లోయలను చుట్టుచు రాతిగోడ సాగిపోవును. నడుమ నడుమ బురుజులు. గోడలో కొన్నియెడల రాతిపై రాయి పేర్చి కట్టిన కట్టడము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది.

ఈ రాజులెవరో ముందుగా నాలుగు మాటలు. 1323లో ఓరుగల్లు పడిపోయి కాకతీయ రాజ్యము కూలిన పిమ్మట తీరాంధ్రమున తలయెత్తిన వీరులలో ప్రోలయ వేమారెడ్డి యొకడు. 1325 ప్రాంతమున ఆయన గుండ్లకమ్మ యొడ్డున నున్న అద్దంకిని రాజధానిగా జేసికొనెను. ఎఱ్ఱాప్రెగడ ఆయన యాస్థానకవి. హరివంశము ఆయనకే యంకితము. శ్రీశైలమునకును, అహోబలమునకును సోపానములు కట్టించిన పుణ్యము గూడ ఆయనదే. ఆయన కుమారుడు అనవోతారెడ్డి 1353లో రాజై, రాజధానిని అద్దంకినుండి కొండవీటికి మార్చెను. పిమ్మట అనవేమారెడ్డి, కుమారగిరిరెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, రాచవేమారెడ్డి వరుసగా నేలిరి. 1424తో ఆ వంశపు ఏలుబడి ముగిసినది. మొత్తము నూరేండ్లు.

రాజధానిని ఏల మార్చిరి? పుస్తకములో చదివినపుడు నాకీ ప్రశ్న తోపలేదు. కొండపై నిలుచుండి చూచినపుడు తోచినది. జవాబును అక్కడనే యున్నది. అద్దంకి మైదానపు పట్టణము. ఏటియొడ్డు సేద్యమునకు మంచిదే గాని, శత్రుసేనను ఏరు ఎంతకాలము ఆపగలదు? ఎండాకాలములో గుండ్లకమ్మను పిల్లలు నడచి దాటుదురు. కొండవీటి బురుజుపై నిలుచున్నవానికో నలుదిక్కుల రేగడిచేలు ఆమడల దూరము కనబడును. దుమ్ము లేచిన చాలు, దండు వచ్చుచున్నదని తెలియును. కృష్ణ కావలియొడ్డున నుండి వచ్చు దండయాత్రలకు ఆ కాలమున కొదువ లేదు.

అయితే కొండకోటకు ఒక ప్రాణసంకటము కలదు: నీరు. గోడ యెంత బలమైనను లోపల నీరు తఱిగిన కోట లొంగవలసినదే. దానికి వారు చేసిన యుపాయమే నాకు అన్నిటికంటె గొప్పగా దోచినది. కొండపై మూడు చెరువులు త్రవ్వించిరి: ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. వానకు కొండ చఱియలమీద పారు నీరంతయు క్రిందికి జారిపోకుండ అందు నిలుచును. ఆ గట్లు కట్టినవాడు కూలివాడో, ఉప్పరియో, వాని పేరు మనకు దక్కలేదు. అతడు లేనిదే అనవోతారెడ్డి లేడు.

కొండ దిగువ పల్లెలలోని నూతులు మిక్కిలి లోతు. నీరు తోడుటకు పొడుగైన చేంతాడు కావలెను. కొండవీటి చేంతాడను సామెత అందుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ముగింపు లేని మాటను, తెమలని తగవును మనము నిత్యము కొండవీటి చాంతాడంత యందుము. ఆ మాట పలుకని యిల్లు మన సీమలో లేదు. ఆ నూతిని చూచినవారు ఇంటికి ఒక్కరు లేరు. పేరు నోటనున్నది, ఊరు కంటలేదు.

కుమారగిరిరెడ్డి కాలమున వసంతోత్సవములు మిన్నంటినవి. కర్పూరము, చందనము, కస్తూరి మొదలగు పరిమళద్రవ్యములు ఓడలపై వచ్చి రాజధానిలో రాశులుగా పడెడివి. ఆ సుగంధములను దెచ్చిన వర్తకశ్రేష్ఠుడు అవచి తిప్పయసెట్టి. ఆయనకే శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చెను. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియై యుండెను. ఇన్నియు నేను పిల్లలకు చెప్పినవే. కాని కొండపై నిలుచుండగా నొక చిత్రమైన సంగతి తోచి నాలో నేను నవ్వుకొంటిని. మా మేనల్లుని మూటలలోని మిరపకాయను ఆ రాజులలో నొక్కడును చూడలేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో పోర్చుగీసువారు సముద్రముమీద మన దేశమునకు దారి కనిపెట్టిన పిమ్మటగాని అది యిచటికి రాలేదు. రెడ్డిరాజుల వంటశాలలో కారమనగా మిరియమే. మిరప యను పేరును ఆ మిరియమునుండి తెచ్చికొన్నదే. ప్రత్తి మాత్రము వారెఱిగినదే. నేడు మన మెఱిగినదానికంటె మిన్నగా నెఱిగినదే. ఆ ముచ్చట మోటుపల్లి కడ చెప్పెదను.

ఈ వంశపు కడపటివాడు రాచవేమారెడ్డి. ఆయన పురుడుపోసికొన్న యింటిపై గూడ పన్ను వేసెననియు, ఆ కోపమున సవరము ఎల్లయ యనువాడు ఆయనను పొడిచి చంపెననియు కైఫీయతులు చెప్పుచున్నవి. తరువాత కోట గజపతుల వశమైనది. 1515 జూన్ 23న శ్రీకృష్ణదేవరాయలు దీనిని ముట్టడించి పట్టి, గజపతి కుమారుడైన వీరభద్రుని చెఱగొనెను. అటుపై గోలకొండ వారు, మొగలాయీలు, నైజాము, పరాసులు, ఆంగ్లేయులు. కొండ అదియే, జెండాలు మాఱినవి.

మూడున్నరకు మూటలకడకు చేరితిని. మా మేనల్లుడు "మామయ్యా, ఎక్కడ తిరిగితిరి? కాళ్లన్నియు ఎఱ్ఱమట్టి!" యనెను. "కొండవీటిలో" నంటిని. "అక్కడేమున్నది, రాళ్లే గదా!" యనెను. నేను బదులాడలేదు. అటువంటి మాట నేనును ఒకప్పు డనియున్నాను. ఆ సంగతి కడపట చెప్పెదను.

ఆదివారము అమరావతి. గుంటూరునకు ఉత్తరముగా కృష్ణయొడ్డున ముప్పదియైదు కిలోమీటర్లు. అచటి అమరేశ్వరస్వామి పంచారామములలో నొకడగుటచే మీలో పలువురు ఆయన దర్శనము చేసియే యుందురు. గుడిలో దండము పెట్టి, పులిహోర తిని, బస్సెక్కుట మన వాడుక. గుడికి దాపుననే రెండు వేల యేండ్ల నాటి బౌద్ధ మహాచైత్యపు దిబ్బ యున్నది. ప్రక్కనున్న ధరణికోటయే శాతవాహనుల నాటి ధాన్యకటకము. ఒకప్పుడు ఆ చైత్యమును చుట్టి పలనాటి సున్నపురాతి ఫలకములు నిలిచియుండెడివి. వానిపై రాజులు, ఏనుగులు, వర్తకులు, పల్లెపడుచులు, బుద్ధుని కథలు చెక్కియుండిరి. సింహళములో గడలాదెనియ యను చోట 1344 నాటి శాసన మొకటి కలదు. ధర్మకీర్తి యను స్థవిరుడు ధాన్యకటకమున ప్రతిమాగృహమును బాగుచేయించెనని యందున్నది. ఆ కాలమునకు అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి యేలుచున్నాడు. అనగా అంతవరకును సముద్రము దాటి యాత్రికులు వచ్చుచునే యున్నారన్నమాట.

నేడు ఆ దిబ్బకడ మిగిలినది కొంచెము. ఉత్తమమైన ఫలకములు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియములోను, కొన్ని లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను ఉన్నవి. ఏల నిట్లయినది? పద్దెనిమిదవ శతాబ్దము కడపట రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లినుండి తన రాజధానిని ఇచటికి మార్చి క్రొత్త పట్టణము కట్టించెను. ఇండ్లకు, చెరువునకు రాయి కావలసెను. దిబ్బలో చేతికందునంత దూరమున చెక్కిన రాయి యున్నది. త్రవ్వి తెచ్చి వాడిరి. అప్పుడు కల్నలు మెకంజీ యను దొర వచ్చి ఆ శిల్పములను జూచి ఆశ్చర్యపడి, తిరిగి 1816లో చిత్రకారులను దెచ్చి బొమ్మలు వ్రాయించెను. ఈ రెండు రాకల నడుమ కాలములో పోయిన రాళ్లు పోయినవి. తరువాత 1845లో ఎలియట్టు దొర త్రవ్వించిన ఫలకములు మొదట మద్రాసునకు, పిదప లండనునకు చేరినవి.

ఇచట తొందరపడి వేంకటాద్రినాయుని నిందింపవలదు. ఆయన దేవతాద్రోహి కాడు. మంగళగిరిలో 1807, 1809 నడుమ మహోన్నతమైన గాలిగోపురమును కట్టించినవాడు, ఎన్నో గుళ్లను బాగుచేయించినవాడు. ఆ రాయి యేమో ఆయనకు గాని, మోసిన కూలివానికి గాని తెలియదు. తెలిసి చెప్పువాడు ఆ యూర లేకపోయెను. నాశమునకు దుర్మార్గుడు అక్కరలేదని, తెలియనితనమే చాలునని ఆ దిబ్బకడ నేను నేర్చికొన్న పాఠము.

అమరేశ్వరాలయమున ఇంకొక ముచ్చట. కొండవీడు గెలిచిన యేడే కృష్ణదేవరాయలు ఈ స్వామిని సేవించి తులాపురుషదానము చేసెను. అనగా త్రాసులో ఒకప్రక్క తాను కూర్చుండి, తన యెత్తు ధనమును దానమిచ్చెను. రేపు మాకు కాటా. రాయలును ఒకనాడు కాటా యెక్కినవాడే యని తలచుకొని ఆ రాత్రి మూటలమీద సుఖముగా నిద్రించితిని.

సోమవారము బేరము కుదిరినది. కాయ బాగుగా ఆరినది, రంగు నిలిచినది. కాటా ముగిసి, తాలు వేరుచేసి, కూలి, కమీషను పోగా చేతికి వచ్చినది ఇంతయని నేను కాగితముమీద వ్రాసి మేనల్లునికి చూపితిని. మరునాడు వాడు లారీతో ఊరికి పోగా, నేను చీరల పనిమీద చీరాలకు పోయితిని. చీరలు ఎంచుట ఆడువారి పని; నాకు చీటీలో రంగులు వ్రాసి యిచ్చియుండుటచే గంటలో ముగిసినది. ఆటో మాట్లాడుకొని మోటుపల్లికి పోయితిని.

మోటుపల్లి యిప్పుడు చినగంజాము మండలములోని చిన్న పల్లె. ఇసుకతిన్నెలు, తాళ్లు, సముద్రపుగాలి. ఒకప్పుడిది కాకతీయుల రేవుపట్టణము. పదుమూడవ శతాబ్దము కడపట మార్కోపోలో యను వెనీసు వర్తకుడు ఈ రాజ్యమును ముత్ఫిలి యని పేర్కొని, ఇచటి వజ్రములను, సాలెగూటివలె పలుచనైన నూలుబట్టలను పొగడెను. రాణి యొకతె న్యాయముగా నేలినదని గూడ వ్రాసెను; ఆమె మన రుద్రమదేవి. ఈ రేగడిలో పండిన ప్రత్తి ఆనాడే యెల్లలు దాటినది.

ఇచటి వీరభద్రాలయపు మండపములో ఒక కంబముపై కాకతి గణపతిదేవుని యభయశాసనము కలదు. 1244-45 నాటిది. దాని భావమిది. పూర్వపు రాజులు, తుపానునకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని లాగికొనెడివారు. ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి సముద్రమున కొడిగట్టిన వర్తకులపై దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును మేము ఏర్పఱచిన సుంకము తప్ప మరేమియు గైకొనము. ఆ సుంకమెంత? వచ్చు సరకులపైనను పోవు సరకులపైనను ముప్పదిపాళ్లలో నొకపాలు. నూటికి మూడుంబాతిక పైచిలుకు. చందనము, కర్పూరము మొదలగువానికి వేఱు లెక్కలు. నూరేండ్ల పిమ్మట, 1358లో, రెడ్డిరాజైన అనవోతారెడ్డియు ఇచటి వర్తకులకు ఇట్టి యభయమునే మరల శాసనముగా వేయించెను.

ఆ కంబమును చేతితో తడవితిని. నిన్ననే యార్డులో లెక్క వ్రాసిన చేయి యది. సరకు మోసికొని దూరము పోయినవాని గుండెలో నుండెడి దడ నాకు క్రొత్తగా తెలిసియున్నది. ఎంత పట్టుదురో, ఏమి మిగులునో యను దడ. ఆ దడ గణపతిదేవునకు తెలిసినది. తెలిసి, "ఇంతకు మించి పుచ్చుకొనను" అని తన చేతిని తానే రాతితో కట్టివేసికొన్నాడు. రాజులు ఇచ్చిన దానములు చెప్పు శాసనములు వేలున్నవి. తాను పుచ్చుకొనరాని దేదో చెప్పు శాసనము అరుదు. పురుటిపై పన్ను వేసిన రాజు కథ కొండవీటిలో ముగియగా, సుంకమునకు హద్దు గీసిన రాజు మాట యిచట ఎనిమిదివందల యేండ్లకు దగ్గరగా నిలిచియున్నది. పరీక్షకాగితములో "మోటుపల్లి శాసనమును గూర్చి వ్రాయుము" అని నేనెన్నిమారులు ప్రశ్న యిచ్చితినో! ఆ ప్రశ్నకు జవాబు నాకు ఆ సాయంకాలము దొరకినది.

ఇక దాచియుంచిన మాట.

మా యూరి చెరువుగట్టున రజకులు బట్టలుతుకు బండ యొకటి యున్నది. దానిపై అక్షరములున్నవని అందఱికి తెలియును. ఏవో పాత గీతలని యనుకొందుము. సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట నా విద్యార్థి యొకడు నోటుపుస్తకపు కాగితమును ఆ బండపై పఱచి, పెన్సిలుతో రుద్ది, అక్షరముల యచ్చు తీసికొనివచ్చి "అయ్యా, ఇదేమో చదివి చెప్పుడు" అని యడిగెను. పరీక్షలు దగ్గరపడిన దినములు. "అవి రాళ్లురా, ముందు నీ పాఠము చదువు" అంటిని. వాడు కాగితము మడిచి జేబులో పెట్టుకొనిపోయెను.

మోటుపల్లినుండి వచ్చిన మరునాడు తెల్లవారగనే ఆ బండకడకు పోయి, నీళ్లు చల్లి, చీపురుతో కడిగి, ఏటవాలుగా పడు ఎండలో చూచితిని. తలకడ సూర్యచంద్రుల బొమ్మలు. దానము సూర్యచంద్రులున్నంతకాలము నిలువవలెననుట కది గుర్తు. క్రింద అక్షరములు, ఇంచుమించుగా రెడ్డిరాజుల నాటి లిపి. ఒక దేవుని పేరు చదివితిని. భూమి కొలత చదివితిని. ఈ ధర్మమును చెఱచినవాడు గంగయొడ్డున గోవును చంపిన పాపమున పోవునను శాపవాక్యము కొంత చదివితిని. ఇచ్చినవాని పేరు, ఏలిన రాజు పేరు, శకసంవత్సరము ఉండవలసిన నాలుగు వరుసలు నున్నగా అరిగిపోయినవి. బట్టను ఎత్తి కొట్టు చోటు సరిగా అదియే.

ఆ పిల్లవాని కాగితముమీద ఆ వరుసలు ఉండియుండునా? ఉండవచ్చును. వాడిప్పుడు హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నాడు. టెలిఫోనులో నడిగితిని. "అయ్యా, ఆ కాగితము అప్పుడే పోయినది" యనెను. వాని కంఠములో నిష్ఠురము లేదు. ఉండినను నేను పడదగినవాడనే. అమరావతి దిబ్బకడ, "తెలిసి చెప్పువాడు ఆ యూర లేకపోయెను" అనుకొంటిని గదా! మా యూర తెలిసినవాడుండెను. జీతము పుచ్చుకొనుచుండెను. చెప్పలేదు.

కావున పెద్దలారా, నా విన్నపము రెండు మాటలలో చెప్పెదను.

మొదటిది, ప్రయాణమును గూర్చి. కోటలు చూచుటకు ప్రత్యేకముగా తీరిక యెన్నడును దొరకదు. యార్డునకో, కచ్చేరీకో, ఆసుపత్రికో, పెండ్లిచూపులకో మనము పోవుచునే యుందుము. పని నడుమ కాచుకొని కూర్చుండు గంటలు ఎన్నియో యుండును. వానిలో ఒక పూటను ఏరుకొనుడు. ఒక పూటకు ఒక్కటే చోటు. రెండు పెట్టుకొనిన రెండును చెడును. ఎండ ముదురకముందు పొండు. నీళ్లసీసా, చేతికఱ్ఱ మఱువకుడు. పోవుటకు ముందు రాత్రి ఆ రాజులను గూర్చి రెండు పుటలైన చదివిపొండు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు రెడ్డిరాజ్యముల చరిత్రను శాసనములన్నియు గాలించి వ్రాసిరి. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని ప్రకటించినది. ఆంగ్లము చదువగల మనుమడుండిన వానిచేత చదివించుకొనుడు. వానిని వెంట గొనిపొండు. నేను ఒంటరిగా పోయినందులకు చింతించుచున్నాను.

రెండవది, మీ యూరిని గూర్చి. రాజుల గుర్తులు కొండవీటిలోనే లేవు. గుడి మెట్టుగా, నూతి ఒరగా, పొలపుగట్టున గుంజగా, పశువులు ఒఱసికొను రాయిగా మీ యూరనే యుండవచ్చును. తలకడ సూర్యచంద్రులు, ప్రక్కన లింగమో, నందియో, క్రింద వరుసలుగా అక్షరములు కనబడిన అది శాసనము. దానిని పెకలింపకుడు, సున్నము వేయకుడు, ఇనుపమొలతో అక్షరములు గోకకుడు. పురావస్తుశాఖవారికి జాబు వ్రాయుడు. వారు వచ్చి రాతిని కడిగి, తడి కాగితము పఱచి, కుంచెతో కొట్టి అక్షరములలోనికి దిగునట్లు చేసి, పైన సిరా అద్దుదురు. నల్లని కాగితముమీద తెల్లని యక్షరములు తేలును. రాయి యున్నచోటనే యుండును. మాట మాత్రము లోకమునకు చేరును. ఇట్టివానిని కాపాడుటకు 1958లో దేశమంతటికిని, 1960లో మన రాష్ట్రమునకును చట్టములు చేసియున్నారు. చట్టముకంటె ముందు కాపాడవలసినవారు మీరు.

మెకంజీ దొర కొలువున కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగు తెలుగువారు ఊరూర తిరిగి గ్రామచరిత్రలు వ్రాయించిరి. అవియే కైఫీయతులు. అప్పుడు వారికి సంగతులు చెప్పినవారు పండితులు కారు. కరణములు, రెడ్లు, గుడిపూజారులు, మీవంటి ఊరిపెద్దలు. వారు చెప్పియుండనిచో నేడు చరిత్రకారులకు దారియే లేకపోయెడిది. మీకు తెలిసిన చెరువు పేరు ఎందుకు వచ్చినది, పాటిమీద ఏమి దొరకినది, ఏ గుడిని ఎవరు కట్టించిరని విన్నారు, ఈ సంగతులు ఒక నోటుపుస్తకములో వ్రాయించి యుంచుడు.

మా యూర రజకులకు పంచాయతివారు వేఱొక బండ వేయించిరి. పాతబండ చుట్టును నాలుగు కడీలు పాతితిమి. శాఖవారికి జాబు వ్రాసితిమి. మిగిలిన వరుసలను నేను చదివినంతవఱకు కాగితముమీద ఎక్కించి పాఠశాలలో నుంచితిని. అరిగిన నాలుగు వరుసలు ఇక రావు. మీ యూరి రాళ్లలో ఆ నాలుగు వరుసలు ఇంకను ఉండియుండవచ్చును. రేపు ఉదయమున ఏటవాలు ఎండలో పోయి చూడుడు.

సెలవు.